శివారు ఇంటికి సిగ్నల్ ఎవరిస్తారు?



టవర్‌కి కొత్త పరికరాలు బిగించారు. ఇక నెట్ పరిగెత్తుద్ది అన్నారు. పరిగెత్తింది కూడా, ఉయ్యూరు సెంటర్లో. కాలవగట్టు మీదున్న మన యానాది కాలనీలో మాత్రం బటన్ ఫోన్లు మూగబోయాయి. మేస్త్రీ రాత్రిపూట ఫోన్ చేస్తాడు, రేపు చెరకు నరకడానికి పదిమంది కావాలని. ఫోన్ కలవకపోతే ఇంకో ఊరోళ్ళని పిలుచుకుంటాడు. ఆ రోజు కూలి పోయినట్టే.

ఆదివాసీ, సిగ్నల్ అనగానే అందరికీ ఏజెన్సీ గుర్తొస్తది. నిజమే, అక్కడి కష్టం పెద్దది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే, అందులో ఎక్కువ అల్లూరి సీతారామరాజు జిల్లాకే వెళ్ళాయి. మన కష్టం వేరు. డెల్టా అంతా సిగ్నల్ ఉన్న ప్రాంతమని లెక్క. చేపల చెరువుల కాపలాకి, పొలాల్లో ఎలుకలు పట్టడానికి పిలిచే ఊరికి, మనం కూడా ఎస్టీలమన్న సంగతి గుర్తుండదు. ఇక కంపెనీకేం గుర్తుంటది?

అసలు ఏం జరిగిందో తెలుసుకోండి. బటన్ ఫోన్లలో చాలావరకు 2జీ, 3జీ మీద నడిచేవే. కంపెనీలు 3జీ తరంగాలను తీసి 4జీకి వాడుకుంటున్నాయి. పాత సిమ్ 4జీకి పనికిరాకపోవచ్చు. అప్పుచేసి 4జీ ఫోన్ కొన్నా, సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చేయకపోతే మాట్లాడటానికి ఫోన్ మళ్ళీ పాత నెట్‌వర్క్‌నే వెతుక్కుంటది. అప్పుడు నెట్ వచ్చిద్ది, కాల్ రాదు. పైగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోవు, ఇనప రేకుల ఇంట్లోకి సరిగా దూరవు.

"ఫోన్ మార్చుకోవచ్చుగా" అంటారు. కాలవ బాగుచేశామని చెప్పి శివారు భూములకి నీళ్ళు రాకపోతే డెల్టా రైతు "మోటారు కొనుక్కోవచ్చుగా" అంటే ఊరుకుంటాడా? ఇరిగేషన్ ఆఫీసు ముందు కూర్చుంటాడు. శివారుకి చేరితేనే నీళ్ళిచ్చినట్టని ఈ డెల్టా అందరికీ నేర్పింది. సిగ్నల్‌కీ అదే న్యాయం.

ఇది సరదా సంగతి కాదు. ఉపాధి హామీ పనిలో హాజరు 2023 జనవరి 1 నుంచి ఫోన్ యాప్‌లోనే వేయాలన్నారు. బ్యాంకుకీ, ఆధార్‌కీ ఓటీపీ కావాలి. 2024 సెప్టెంబర్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి రాత్రి గట్టు మీదోళ్ళకి కబురు అందాల్సింది ఫోన్‌లోనే. హక్కులన్నీ ఫోన్‌లో పెట్టినోళ్ళు ఆ ఫోన్ మోగేలా చూడాలి కదా.

చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ పని మీది. ఈ ఆదివారం ఇంటింటికీ తిరగండి. సిమ్ పాతదా, వోల్టీ ఆన్‌లో ఉందా చూడండి. సగం ఫోన్లు అక్కడే బాగుపడొచ్చు. మిగిలినవాటికి ఏ ఇంట్లో, ఏ టైంలో కాల్ రావట్లేదో నోట్‌బుక్‌లో రాయండి. 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీలుకి వెళ్ళే హక్కుంది. ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు జనానికి చూపించాలి. మ్యాపులో సిగ్నల్ ఉందని, కాలనీలో లేదని తేలితే ఆ స్క్రీన్‌షాటే మన సాక్ష్యం. సంతకాలు పెట్టించి, దాన్ని జతచేసి సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.

మనం అడగాల్సింది ఒక్కటే: పాత నెట్‌వర్క్ తీసేముందు కాలనీకి వచ్చి చెప్పండి, శివారు ఇంట్లో ఫోన్ మోగాకే తీసేయండి.

జై ఆదివాసీ!