తొలకరికి ముందు ఒక్క రోజు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు పెద్దవాళ్ళు. రోళ్ళ సంగతేమో గానీ డాబాలు మాత్రం పగులుతాయి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వచ్చేస్తుంది. ఆ పగుళ్ళలోకి తొలివాన దిగిందంటే, ఇక వానాకాలమంతా కింద గదిలో గిన్నెలు పెట్టుకుని కూర్చోవాల్సిందే!

తొలకరి అనగానే మనకి విత్తనాల పొట్లాలు గుర్తొస్తాయి. మేడమీద కుండీలు పెంచే సోదరీమణులకి నేను చెప్పేది ఒకటే. ముందు డాబా, తర్వాతే మొక్కలు. స్లాబులోకి దిగిన నీళ్ళకి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, సిమెంటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఆ పెచ్చు కింద ఎవరి మంచం ఉంటుందో! మా ఇంట్లోనయితే అత్తగారి మంచం ఉంటుంది. మావారిని అడిగితే "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. వచ్చే ఏడు దాకా ఆగమని వానకి ఎవరు చెప్తారండీ? అందుకే ఏటా మే నెలాఖరులో ఒక రోజు ఈ పనికే కేటాయిస్తాను. మీరూ ఇలా చేసి చూడండి.

పొద్దున్నే: ఎండ రాకముందే కుండీలన్నీ ఒక పక్కకి జరపండి. బరువైనవి ఇద్దరు పట్టుకోండి, నడుం జాగ్రత్త. కొబ్బరి చీపురుతో డాబా అంతా ఊడ్చి, తూములో ఇరుక్కున్న ఆకులూ మట్టీ తీసేయండి. ఇప్పుడు నాలుగు బకెట్ల నీళ్ళు చల్లండి. డాబా ఆరిపోతున్నా బీట ఉన్నచోట తడి గీతలా మిగిలిపోతుంది. ఆ గీతల వెంట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పిట్టగోడ డాబాకి కలిసే మూల మర్చిపోకండి, నీళ్ళు ఎక్కువగా దిగేది అక్కడే.

ఎండ ముదిరాక: కిందికి వచ్చేయండి. నీడలో కూర్చుని మట్టి కలుపుకోండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు. పెద్ద కుండీకి రెండు గుప్పెళ్ళు వేపపిండి. కొబ్బరిపొట్టు బరువు తగ్గిస్తుంది. 20 లీటర్ల పెయింటు డబ్బా నిండా ఉత్త మట్టి పోసి తడిపితే 30 కిలోల దాకా తూగుతుంది మరి! మధ్యలో తీరిక దొరికితే కిర్రుమనే తలుపు బందులకి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయండి. కారే కుళాయికి నీళ్ళు కట్టేసి వాషరు మార్చండి.

చల్లబడ్డాక: సిమెంటు పని ఎండలో చేస్తే తడి త్వరగా ఆరిపోయి మళ్ళీ బీటలు వస్తాయి. గుర్తు పెట్టిన బీటని ఉలితో అరంగుళం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడపండి. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలపండి. నీరు దిగకుండా కలిపే మందు డబ్బా మీద చెప్పిన కొలతలో వేసి, తాపీతో గట్టిగా కూరండి. చేతులకి గ్లవ్స్ ఉండాలి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. వారం రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచండి. పూర్తిగా ఆరాక సున్నం వేస్తే గది కూడా చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం కూడా కప్పు వేడి తగ్గించడమే.

ఇప్పుడు మొక్కలు: బీటలు పూడ్చిన చోటు వదిలి, ఒక్కో కుండీ కింద రెండేసి ఇటుకలు పెట్టండి. నీళ్ళు నిలవకుండా పోతాయి, చీపురూ ఆడుతుంది. పెద్ద తొట్లు కింద గది గోడ ఉన్న వరస మీదే పెట్టండి. బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి ఇప్పుడు వేసుకోవచ్చు. పాదు చిక్కుడుకి తొందరపడకండి. ఆషాఢంలో పెడితే చలికాలానికి కాస్తుంది.

రెండు హెచ్చరికలు: కింద గది కప్పు మీద తుప్పు మరకలు కనిపించినా, కర్రతో తడితే డొల్ల శబ్దం వచ్చినా అది మన చేతి పని కాదు. ముందు మంచం జరిపించి, మేస్త్రీని పిలవండి. పైపైన సిమెంటు మెత్తించి ఊరుకోకండి. ఇక కుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు వారానికోసారి తప్పకుండా పారబోసి, పళ్ళేలు తోమండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

ఈ పనికి బస్తా సిమెంటు అక్కర్లేదు. నాలుగైదు కిలోలు విడిగా తెచ్చుకుంటే చిన్న డాబా బీటలకి సరిపోతుంది. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. ఆ పులుసు పోసుకుని తింటూ కిటికీలోంచి వాన చూడండి, కప్పు వైపు కాదు!