తెర ఆరింది.. గడువు ముగిసింది!
ఆన్‌లైన్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డులో లోపం
సొమ్ము తిరిగి రాబట్టుకునేందుకు వినియోగదారుని అగచాట్లు

మిర్యాలగూడ: పెళ్లిళ్ల సీజను దగ్గర పడుతుండడంతో వేములపల్లి మండలానికి చెందిన ఓ యువకుడు చిట్టీ ఎత్తిన సొమ్ములోంచి రూ.32 వేలు వెచ్చించి ఆన్‌లైన్‌లో గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకున్నాడు. పట్టణంలోని ఫొటో స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి ఇవ్వడమే అతని జీవనాధారం. మూడు రోజులు సజావుగా పనిచేసిన కార్డు నాలుగో రోజు నుంచి మొరాయించింది. గంటల తరబడి సాగే రెండరింగ్ సగానికి చేరగానే తెర నల్లబడడం, కంప్యూటరు దానంతటదే ఆగి మళ్లీ మొదలవడం నిత్యకృత్యమైంది. డ్రైవరు సాఫ్ట్‌వేరు మార్చి చూశాడు. ఫలితం లేదు. ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదని మెకానిక్ చెప్పడంతో మరో రూ.5 వేలు పెట్టి కొత్తది వేయించాడు. అయినా తీరు మారలేదు. లోపం కార్డులోనే ఉందని నిర్ధారణయ్యేసరికి పన్నెండో రోజు వచ్చింది. వాపసు గడువు మాత్రం ఏడో రోజుతోనే ముగిసింది.

విక్రేతను సంప్రదిస్తే తయారీ సంస్థ వద్దకు వెళ్లమన్నారు. సర్వీస్ సెంటర్ ఉన్నది హైదరాబాద్‌లో. దాదాపు 150 కిలోమీటర్లు బస్సులో వెళ్లి కార్డు అప్పగించి వస్తే, రెండు వారాల తరువాత ‘లోపమేమీ కనిపించలేదు’ అన్న చీటీతో తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి బిగించిన రాత్రే తెర మళ్లీ ఆరిపోయింది. ఈలోగా ఒప్పుకొన్న రెండు పెళ్లిళ్ల పని చేజారింది.

ఏడు రోజుల్లో బయటపడని లోపం

ఒక్క యువకునికే పరిమితమైన ఇబ్బంది కాదిది. చీర రంగు మారినా, పళ్లెం పగిలినా పెట్టె విప్పగానే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు అలాంటిది కాదు. పూర్తిగా చచ్చిన కార్డు కంటే అప్పుడప్పుడు మొరాయించే కార్డుతోనే చిక్కు. మెమొరీ చిప్‌ల టంకంలో స్వల్ప లోపమున్నా, వేడిని లాగే పేస్టు సరిగా అంటకపోయినా చిన్నాచితకా పనులకు అది మామూలుగానే పనిచేస్తుంది. భారం పెరిగి, వేడెక్కినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. సర్వీస్ సెంటర్‌లో కొద్దిసేపు నడిపి చూసినప్పుడు లోపం కనిపించకపోవడానికి కారణమూ ఇదే.

ఆన్‌లైన్ వేదికలు ఎలక్ట్రానిక్ వస్తువులకు సాధారణంగా ఏడు నుంచి పది రోజుల గడువే ఇస్తున్నాయి. చాలా వాటికి ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అన్న షరతు ఉంటుంది. అంటే సొమ్ముకు బదులు మరో కార్డే వస్తుంది. తయారీ సంస్థలు చాలా కార్డులకు మూడేళ్ల వారంటీ ఇస్తున్నా, దాని కింద లభించేది మరమ్మతు లేదా మార్పిడి. వాపసు, వారంటీ ఒకటేనని భావించి కాలయాపన చేసినవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

పాత కార్డుల బెడద మరొకటి. క్రిప్టో కరెన్సీ ‘ఎథీరియం’ 2022 సెప్టెంబరు 15న తన విధానాన్ని మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దానిని తవ్వే పని నిలిచిపోయింది. అంతవరకు రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు చేరాయి. ధర తక్కువని వాటిని కొనేవారు బిల్లు, సీరియల్ నంబరు, మిగిలిన వారంటీ సరిచూసుకోవడం తప్పనిసరి.

లోపం కార్డుదేనా?

వాపసు కోరే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. తెర ఆరిన ప్రతిసారీ తప్పు కార్డుదే కానక్కర్లేదు. ఇందుకు ఇంటెల్ ఉదంతమే నిదర్శనం. ఆ సంస్థ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడినవారికి ఆటల మధ్యలో ‘వీడియో మెమొరీ చాలదు’ అన్న సందేశం వచ్చేది. సహజంగానే అనుమానం గ్రాఫిక్స్ కార్డులపైకి మళ్లింది. చివరకు ప్రాసెసర్‌కు అవసరానికి మించి వోల్టేజి అందడమే మూలమని 2024లో ఇంటెల్ ప్రకటించి, వాటి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

అందువల్ల అదే కార్డును వేరొక కంప్యూటరులో, ఈ కంప్యూటరులో వేరొక కార్డును పెట్టి చూడడమే సరైన పరీక్ష. కార్డుతోపాటే లోపం వెళ్తే తప్పు కార్డుదే. ఈ పరీక్షను మొదటి రెండు మూడు రోజుల్లోనే ముగించాలి. వేములపల్లి యువకుడు ఎస్‌ఎంపీఎస్ కొనడానికి ముందే స్నేహితుని కంప్యూటరులో కార్డు పెట్టి చూసి ఉంటే రూ.5 వేలు మిగిలేవి, గడువూ దక్కేది.

చట్టం ఏం చెబుతోంది?

వెబ్‌సైట్‌లో గడువు ముగిసినంత మాత్రాన వినియోగదారుని హక్కు ముగిసిపోదు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 అమలులోకి వచ్చింది 2020 జులైలో. అదే నెలలో ఈ-కామర్స్ నిబంధనలు కూడా వెలువడ్డాయి. వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పినట్లు లేకపోయినా విక్రేత దానిని వెనక్కి తీసుకోవడానికి, సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించరాదని ఈ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి. నెలలోగా పరిష్కరించాలి.

చట్టంలో ఒక మెలిక కూడా లేకపోలేదు. లోపమున్న వస్తువును తిరిగి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార విధానమే. అయితే అందుకు బిల్లులో రాసిన గడువే ప్రమాణం. బిల్లులో గడువు లేకుంటే 30 రోజులు. వ్యాపారులు చిన్న గడువు పెట్టుకునేందుకు ఇది వీలు కల్పిస్తోంది. అయినప్పటికీ లోపం కారణంగా కమిషన్‌ను ఆశ్రయించేందుకు రెండేళ్ల వ్యవధి ఉంటుంది.

స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేందుకు కొన్న వస్తువుకు ‘వాణిజ్య అవసరం’ అన్న అభ్యంతరం వర్తించదు. పెళ్లి వీడియోలు చేసుకునే యువకుడూ చట్టం దృష్టిలో వినియోగదారుడే.

జిల్లాలోనే ఫిర్యాదు

విక్రేత ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఇది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలలోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకుండానే వాదించుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే కేసు దాఖలు చేసే వీలు కలిగింది. వీడియో ద్వారా విచారణకూ చట్టం అవకాశమిచ్చింది. పరీక్ష అవసరం లేని కేసులను మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలన్నది చట్టం మాట. వస్తువును ప్రయోగశాలకు పంపాల్సి వస్తే ఆ ఖర్చు మొదట ఫిర్యాదుదారే చెల్లించాలి. సామాన్యుడు వెనుకంజ వేసేది ఇక్కడే.

అంతకు ముందు మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ సమాధానమిస్తారు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేకున్నా, సంస్థకు ఫిర్యాదు చేరవేసి రాజీ కుదుర్చుతుంది.

ఆధారాలే అండ

కమిషన్ ప్రధానంగా ప్రమాణపత్రాలు, రాతపూర్వక ఆధారాలపైనే నిర్ణయిస్తుంది. కనుక పెట్టె విప్పేటప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీయాలి. అట్టపెట్టెను, లోపలి కవర్లను కనీసం గడువు ముగిసేవరకు పారవేయరాదు. తెర ఆరిన ప్రతిసారీ తేదీ, సమయం కనిపించేలా చిత్రీకరించాలి. విక్రేతతో ఫోన్ సంభాషణలకే పరిమితం కాకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, టికెట్ నంబరు భద్రపరచుకోవాలి. గడువు చివరి రోజు వరకు ఆగకుండా, అనుమానం వచ్చిన రోజే ఫిర్యాదు నమోదు చేయడం మేలు.

వేములపల్లి యువకునికి చివరకు కలిసివచ్చింది ఇదే. నాలుగో రోజున మెకానిక్‌కు చూపేందుకు సెల్‌ఫోన్‌లో తీసుకున్న వీడియో, అదే రాత్రి విక్రేతకు పంపిన సందేశం అతని వద్ద ఉన్నాయి. వాటిని జతచేసి హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాక విక్రేత దిగివచ్చి రూ.32 వేలు తిరిగి చెల్లించారు. ఎస్‌ఎంపీఎస్ ఖర్చు, బస్సు చార్జీలు, చేజారిన రెండు పెళ్లిళ్ల పని మాత్రం అతని నష్టం కిందే మిగిలాయి.

పల్లెలకు పార్సిల్ రెండు రోజుల్లో చేరుతోంది. పార్సిల్ తిరిగి వెళ్లే దారి మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంది. మెల్లగా బయటపడే లోపాలున్న వస్తువులకు గడువు పెంచేలా నిబంధనలు సవరించాలని, కళాశాలల్లో, మండల కేంద్రాల్లో హెల్ప్‌లైన్‌పై అవగాహన కల్పించాలని వినియోగదారులు కోరుతున్నారు.