తొక్కకపోయినా వెలుగుతుంటే...

‘ఏమండీ, మీ కారు వెనక లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి’... పొద్దున్నే పాలప్యాకెట్‌ కోసం బయటికొచ్చిన పక్కింటాయన చెబుతాడు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, తాళం వేసిన సంగతి బాగానే గుర్తుంటుంది. తీరా చూస్తే వెలుగుతున్నవి బ్రేక్‌ లైట్లు! తాళం తిప్పితే ‘టక్‌ టక్‌’ మంటుందే తప్ప ఇంజిన్‌ కదలదు. ఓపక్క పిల్లలకు స్కూలు టైమైపోతుంటుంది.

బ్యాటరీ దిగిపోయింది కాబట్టి కనీసం విషయం తెలిసింది. తెలియకుండా అలాగే తిరిగితే? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకెళ్తుంది. ముందు బండి ఆగుతోందని వెనకవారికి చెప్పేది ఆ ఎర్రలైటే. అది ఎప్పుడూ వెలుగుతూ ఉంటే, నిజంగా బ్రేకు వేసినప్పుడు వాళ్లకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అంటే లైటు ఉన్నా లేనట్లే. పైగా బ్రేకులు మామూలుగానే పడతాయి కాబట్టి నడిపేవారికి ఏ అనుమానమూ రాదు.

దొంగ ఎక్కడున్నాడు?
బ్రేక్‌ పెడల్‌ పైభాగాన, డాష్‌బోర్డు కింద ఓ చిన్న స్విచ్‌ ఉంటుంది. పెడల్‌ మీద కాలు లేనప్పుడు, పెడల్‌ కాడ ఆ స్విచ్‌ మొనను లోపలికి నొక్కి ఉంచుతుంది. అప్పుడు లైట్లు ఆరి ఉంటాయి. పెడల్‌ తొక్కగానే కాడ దూరం జరిగి, మొన బయటికొచ్చి లైట్లు వెలుగుతాయి. ఫ్రిజ్‌ తలుపు తీయగానే లోపల బల్బు వెలుగుతుందే... అచ్చం అలాగే.

చాలా కార్లలో స్విచ్‌ మొన తగిలేచోట పెడల్‌ కాడకు ఓ చిల్లు, అందులో బొత్తాం అంత రబ్బరు లేదా ప్లాస్టిక్‌ బిళ్ల ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండకు, వేడికి ఆ బిళ్ల పెళుసై రాలిపోతుంది. మొన చిల్లులోంచి దూరిపోతుంది. ఇక దాన్ని నొక్కేదేమీ లేక లైట్లు వెలుగుతూనే ఉంటాయి. డ్రైవర్‌ కాళ్ల దగ్గర మ్యాట్‌ మీద ప్లాస్టిక్‌ ముక్కలు కనిపిస్తే అనుమానం ఖాయం చేసుకోవచ్చు.

ఇలా చూడండి
ఇంజిన్‌ ఆపి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి, టార్చితో పెడల్‌ పైభాగం చూడాలి. ఇంట్లో ఎవరినైనా కారు వెనక నిలబెడితే మేలు.

* కాలివేళ్లతో పెడల్‌ను కొద్దిగా పైకి ఎత్తితే లైట్లు ఆరుతున్నాయా? అయితే పెడల్‌ పూర్తిగా వెనక్కి రావట్లేదు. మ్యాట్‌ అడ్డుపడి ఉండొచ్చు, స్ప్రింగ్‌ వదులై ఉండొచ్చు. లేదంటే స్విచ్‌ పక్కకు జరిగి ఉండొచ్చు.
* స్విచ్‌ మొనను వేలితో నొక్కితే ఆరుతున్నాయా? స్విచ్‌ బాగానే ఉంది, బిళ్ల పోయినట్లే. స్పేర్‌పార్ట్స్‌ షాపులో ఆ మోడల్‌ బిళ్ల అడిగి తెచ్చి, చిల్లులో గట్టిగా నొక్కితే కూర్చుంటుంది.
* నొక్కినా ఆరలేదా? స్విచ్‌ లోపల అతుక్కుపోయి ఉండొచ్చు, లోపం వైరింగ్‌లోనూ ఉండొచ్చు. అది ఆటో ఎలక్ట్రీషియన్‌ పని.

స్విచ్‌ను సర్దేటప్పుడు పెడల్‌ను గట్టిగా నొక్కేలా బిగించకూడదు. పెడల్‌ పూర్తిగా వెనక్కి రాకపోతే బ్రేకులు పట్టుకునే ఉండి, చక్రాలు వేడెక్కుతాయి.

ఈ చిట్కాలు వద్దు!
బిళ్ల బదులు నాణెం పెట్టి టేపు చుట్టేస్తుంటారు కొందరు. అది జారి పెడల్‌ దగ్గర ఇరుక్కుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఫ్యూజు పీకేసి తిరగడమూ తప్పే... అప్పుడు బ్రేక్‌ లైటు అసలే వెలగదు. రాత్రికి బ్యాటరీని కాపాడుకోవాలంటే, బండి ఆపాక దాని నెగెటివ్‌ తీగ విప్పి ఉంచడం మంచిది. మామూలు బల్బులైతే రెండింటికీ కలిపి 42 వాట్లు కావాలి. 35 ఆంపియర్‌-అవర్ల బ్యాటరీ పది గంటల్లో ఖాళీ అయిపోతుంది. ఎల్‌ఈడీలు తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి బ్యాటరీ అంత త్వరగా దిగదు. అందుకే ఆ కార్లలో లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

బైకులకూ ఉంది
బైకుల్లో వెనక బ్రేకు స్విచ్‌ను చిన్న స్ప్రింగ్‌ లాగుతుంది. అది మరీ బిగుతుగా ఉంటే లైటు ఆరదు. బ్రేకు మీద కుడికాలు ఆనించి నడిపే అలవాటున్నవారికీ ఇదే ఇబ్బంది. 2017 ఏప్రిల్‌ నుంచి మనదేశంలో తయారైన ద్విచక్ర వాహనాల్లో, ఇంజిన్‌ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైటుతోపాటు వెనక సన్నటి ఎర్రలైటూ వెలుగుతుంది. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు అంతకన్నా ప్రకాశంగా వెలగాలి, వదలగానే తగ్గాలి.

నెలకోసారి చీకటి పడ్డాక బండి వెనకభాగం గోడకు దగ్గరగా పెట్టి, బ్రేకు వేసి వదిలి చూడండి. గోడ మీది ఎరుపు పెరిగి, తగ్గాలి. పట్టేది అరనిమిషం. వెనకొచ్చే బండిలోనూ పిల్లలు ఉండొచ్చు మరి!