క్యూలో లేనివాళ్ళ లెక్క

2024 మే 12, ఆదివారం రాత్రి. ఒంగోలు బస్సు కోసం బెంగళూరు మడివాళలో నాలుగు గంటలు నిలబడ్డాను. ప్రైవేటు బస్సు టికెట్ మామూలు రేటుకి మూడింతలు. ఇస్తామన్నా సీటు లేదు. తెల్లారితే పోలింగ్. అమ్మ ఫోన్ చేసి, "స్లిప్పు ఇచ్చిపోయార్రా, దేవుడి పటం దగ్గర పెట్టాను" అంది. రాలేనని చెప్పడానికి నోరు రాలేదు.

జూన్ 1 సాయంత్రం టీవీ ముందు కూర్చున్నాను. ఎన్డీయేకి 350 పైనే అని ఒకరు, 400 దాటొచ్చని ఇంకొకరు. మూడు రోజులు తిరక్కుండా వచ్చినవి 293. 2004లోనూ వాజ్‌పేయి ప్రభుత్వమే మళ్ళీ వస్తుందన్నారు. రాలేదు.

అంచనా తప్పడం నేరమేం కాదు. మన దగ్గర ఓట్ల శాతం కొద్దిగా అటూ ఇటూ అయితే చాలు, పదుల సీట్లు తారుమారవుతాయి. శాతాన్ని సీట్లుగా మార్చే చోటే అసలు జూదం. నా కోపం దాని మీద కాదు, ఆ రాత్రంతా వినబడిన 'ప్రజల నాడి' అన్న మాట మీద. ఎగ్జిట్ పోల్ అడిగేది బూత్‌లోంచి బయటికొచ్చినవాణ్ణి. బూత్ దాకా రాలేనివాడు ఆ శాంపిల్‌ని ఎంత పెంచినా అందులోకి రాడు. ఆ ఎన్నికల్లో పోలింగ్ 65.79 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు వేయలేదు. వాళ్ళలో బద్ధకస్తులెందరు, బస్సు దొరకనివాళ్ళెందరు? నేను చూసిన ఏ చానెల్లోనూ ఆ ప్రశ్నే లేదు.

"ఓటు బెంగళూరుకి మార్చుకోవచ్చుగా?" అంటారు మిత్రులు. నిజమే, ఫారం 8 నింపితే సరిపోతుంది. నా విషయంలో బద్ధకం కొంత నాదే, ఒప్పుకుంటాను. కానీ పాలమూరు నుంచి ఆర్నెల్లు ముంబైకి పనికెళ్ళే కూలీ ఏ అడ్రసు రాయాలి? తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసం పోదని చట్టమే చెబుతోంది. హక్కు ఊళ్ళో, మనిషి సైట్లో.

సైనికులకీ ఎన్నికల డ్యూటీ ఉద్యోగులకీ పోస్టల్ బ్యాలెట్ ఉంది. 85 దాటినవాళ్ళు అడిగితే ఇంటికే వస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి 2011 నుంచి ఓటుంది, వేయాలంటే మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని ఊరికి రావాల్సిందే. కూలీకి ఇవేవీ లేవు.

2023 జనవరిలో ఎన్నికల సంఘం 72 నియోజకవర్గాల ఓట్లు ఒకేచోట వేయగల రిమోట్ యంత్రం చూపిస్తామని పార్టీలని పిలిచింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. పరాయి రాష్ట్రంలో బూత్ ఏజెంట్లుగా ఎవరు కూర్చుంటారు, కోడ్ ఎవరు అమలు చేస్తారు అన్న వాళ్ళ అనుమానాలు సబబైనవే. అయితే జవాబు వెతకాలి కదా! ప్రశ్ననే పక్కన పెట్టేసి 2024 ఎన్నికలు కానిచ్చేశారు. మా ఆఫీసులో మూడో వంతు రిక్వెస్టులు ఎక్కడో పడిపోతుంటే, వచ్చినవాటితో రంగుల గ్రాఫులు గీసుకుంటూ కూర్చుంటే ఎవరూ ఊరుకోరు. ముందు లాగ్ తీయమంటారు.

నేనడిగేదీ అదే. యంత్రం తర్వాత చూద్దాం. వచ్చే ఎన్నికల్లో బూత్ బయట నిలబడే సర్వేవాళ్ళలో కొందరినైనా పోలింగ్ రోజున మడివాళకి, ముంబై లేబర్ అడ్డాలకి పంపండి. ఎవరికి వేశారని అడగొద్దు. ఎందుకు వేయలేకపోయారో అడిగి రాసుకోండి.

అమ్మ ఆ స్లిప్పు ఇంకా తీయలేదు.