అలుగు పారిన ఏడు కరువా?

ప్రోగ్రామింగ్ అందరూ నేర్వనక్కర్లేదు, వ్యవసాయం, జీవశాస్త్రం వంటివాటిలో ప్రావీణ్యం సంపాదించమని 2024లో దుబాయ్‌లో ఎన్‌విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ సెలవిచ్చారు. మా హాస్టల్లో అది వేదవాక్కైపోయింది. వ్యవసాయం ఇంట్లోనే ఉంది గనుక నేను సగం పాసైనట్టే అనుకున్నా!

ప్రాజెక్టు కోసం, పొలంలో వర్షమాపకం పెట్టి నాన్న రాసుకున్న నెలవారీ లెక్కలకు సగటు తీసే పైథాన్ ప్రోగ్రాం ఏఐ చేత రాయించాను. చదవకుండానే రికార్డులో అంటించి సంతకం పెట్టేశాను. అందులో ఒక ఏడాది కరువుగా తేలింది.

"చెరువు అలుగు పారిన ఏడు కరువేందిరా?" అన్నాడు నాన్న.

వెతికాను. ఆయన రాయని రెండు నెలల ఖాళీ గళ్లను సున్నాలుగా మార్చే లైను ఒకటుంది. పాండాస్ తనంతట తాను ఖాళీలను సగటులో కలపదు. ఆ లైనే కలిపించింది. తప్పుందని నాన్న పసిగట్టాడు సరే, అదెక్కడుందో పట్టడానికి మాత్రం నాకొచ్చిన కాస్త పైథానే దిక్కయింది. రికార్డు లెక్చరర్‌గారిని అడిగి వెనక్కి తెచ్చుకున్నా, మళ్లీ రాస్తున్నా.