మన ఆరోగ్యం: మూడు జబ్బులు, ఒకే పిల్ల

ఆ మధ్య మన సభ్యులలో ఒక తల్లి మాకు ఫోన్ చేశారు. ఆవిడ అనుమతితోనే, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాం. పదహారేళ్ల కూతురు. చేతులు ఎర్రబడేదాకా కడుగుతుంది. అన్నం తూకం వేసుకుని తింటుంది, అదీ పిడికెడే. ముక్కు వంకరగా ఉందని అద్దం ముందు గంటలు గడుపుతుంది. ఊరినుంచి వచ్చిన నాయనమ్మగారు మాత్రం "మా మనవరాలికి శుచీ శుభ్రం ఎక్కువ, శనివారం ఒక్కపొద్దు కూడా మానదు" అని మురిసిపోయారట. మడికీ జబ్బుకీ తేడా మన ఇళ్లలో పట్టుకోవడం కష్టమే. మడి కట్టుకున్నవారు పని కాగానే విడుస్తారు. ఈ పిల్ల విడవలేకపోతోంది.

చేతుల సంగతి ఒక డాక్టరుకి చూపిస్తే "ముందు తిండి సంగతి చూసుకుని రండి" అన్నారట. తిండి సంగతి చూసే ఆయన "ముందు ఆ చాదస్తం తగ్గాలి" అన్నారట. నాలుగు నెలలు ఇలాగే పోయాయి.

పుస్తకాల్లో ఇవి మూడు: ఓసీడీ, అనొరెక్సియా, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. చివరిదాన్ని ఇటలీ వైద్యుడు మోర్సెల్లి 1891లోనే వర్ణించాడు. 2013 నాటి అమెరికన్ వర్గీకరణ దాన్ని ఓసీడీ పక్కన చేర్చి, తిండి జబ్బులకు వేరే అధ్యాయం ఇచ్చింది. అధ్యాయాల మధ్య గోడ ఉంది గాని, పిల్ల మనసులో లేదు. ఒక భయం, దాన్ని కాసేపు చల్లార్చే ఒక పని, ఆ పనివల్ల మళ్లీ బలపడే భయం: మూడింటిలోనూ తిరిగే చక్రం ఇదే.

అందుకని మూడింటినీ ఎరిగిన బృందం ఒకటే చూడాలి. కాని బరువు బాగా తగ్గినచోట ముందు తిండే. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూశారు. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు. ఆకలే చాదస్తాన్ని పెంచుతుందన్నమాట. చిక్కిన ఒంటికి మందులూ సరిగా పట్టవు.

ఆపైన 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ వెలువరించిన దారి: భయపడేదాన్ని ఎదుర్కోవడం, ఊరటనిచ్చే పని చేయకుండా ఆగడం. ఈ పిల్లకైతే, కొలవని నెయ్యి వేసిన పప్పన్నం తిని, అద్దం జోలికి పోకుండా కూర్చోవడం. మందులు ఓసీడీకి మామూలుకన్నా ఎక్కువ మోతాదులో, 12 వారాల దాకా వాడి చూడాలి. బ్యుప్రోపియాన్ మాత్రం తిండి జబ్బున్నవారికి ఇవ్వరు, మూర్ఛ వచ్చే ప్రమాదముంది. కనుక వాంతుల సంగతి డాక్టరు దగ్గర దాచకండి. ముక్కుకి ఆపరేషన్ చేయిస్తే తీరిపోతుందనీ అనుకోకండి.

పిల్ల కళ్లు తిరిగి పడిపోయినా, నాడి మరీ నెమ్మదించినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. చావు మాట ఎత్తితే అమెరికాలో 988కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. ఈ జబ్బుల్లో ఆ మాట ఉత్తుత్తిది అనుకోరాదు.

మొన్న ఆ తల్లి మళ్లీ ఫోన్ చేశారు. పిల్ల బొబ్బట్టు సగం తిని, "లావయ్యానా అమ్మా?" అని అడిగిందట. ఇదివరకైతే రోజుకి నలభైసార్లు "లేదు తల్లీ" అనేవారు. ఈసారి చికిత్సలో చెప్పినట్టే, జవాబివ్వకుండా పక్కన కూర్చున్నారట.

"దానికంటే నాకే ఎక్కువ కష్టమైంది డాక్టరుగారూ" అన్నారు.