మాస్టారి కబుర్లు: ముందు ఎటు చూడాలి?

పిల్లలూ!

రోడ్డు దాటేటప్పుడు ముందుగా ఎటు చూస్తారు? “కుడివైపు” అంటారు మీరు. నిజమే. మన దేశంలో బళ్లు ఎడమవైపున నడుస్తాయి గనుక, దగ్గరి బండి మనకు కుడివైపు నుంచే వస్తుంది. కాని ఈ మంచి అలవాటే ప్రమాదం తెచ్చే చోట్లున్నాయి తెలుసా?

ఆఫ్రికాలో ఉగాండా, రువాండా ఇరుగుపొరుగు దేశాలు. ఉగాండా రాజధాని కంపాలాలో మీ ఈడు కుర్రవాడు ఒకడున్నాడనుకోండి. వాడి నాన్నకు రువాండా రాజధాని కిగాలీలో పని దొరికింది. అందరూ పెట్టే బేడా సర్దుకుని బస్సెక్కారు. సరిహద్దు దాటగానే బస్సు రోడ్డుకు కుడిపక్కకు మారింది! ఉగాండా ఒకప్పుడు ఇంగ్లీషువారి పాలనలోను, రువాండా బెల్జియంవారి పాలనలోను ఉండేవి. 1962లో రెండూ స్వతంత్రమైనాయి. రోడ్డు పద్ధతులు మాత్రం వేరువేరుగానే ఉండిపోయాయి. కనుక వాడు ఇక ముందుగా ఎడమవైపు చూడాలి. తెలిసినా సరే, పాత అలవాటుకొద్దీ మెడ కుడికే తిరుగుతుంది. కొన్నాళ్లపాటు అమ్మ చెయ్యి పట్టుకునే దాటాలి మరి!

నాన్న గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పాడు. ఎందుకంటారా? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారాలకు కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖ ఆధారం. రువాండాకు 30 డిగ్రీల రేఖ ఆధారం. అది కిగాలీ పక్కగానే పోతుంది. ఉగాండావారు తూర్పున ఎంతో దూరాన ఉన్న 45 డిగ్రీల రేఖను పాటిస్తారు. అందుచేత కంపాలాలో సాయంత్రం ఇంచుమించు ఏడింటిదాకా ఆడుకున్న కుర్రవాడికి, కిగాలీలో ఆరు దాటగానే చీకటి పడుతుంది. సూర్యుడు మారలేదు, గడియారం మారింది!

అమ్మ సామాను కట్టి తెచ్చిన ప్లాస్టిక్ సంచులను సరిహద్దులోనే తీసేసుకున్నారు. రువాండాలో 2008 నుంచి వాటికి నిషేధం. ఉగాండా షిల్లింగులు పోయి ఫ్రాంకులు వచ్చాయి. ఉదయం ఎదురైనవారిని “మ్వారాముత్సే” అని పలకరించాలి. “వెబలే” అని కృతజ్ఞత చెప్పే నోటితో “మురాకోజే” అనాలి. అయితే ఆ రెండు భాషలూ ఒక కుటుంబానివే. ఐదును అక్కడ “టానో” అంటే ఇక్కడ “గటాను” అంటారు. మన మూడు, కన్నడంవారి మూరు లాగా!

నెలలో చివరి శనివారం ఉదయం వీథిలోని పెద్దలందరూ కలిసి కాలవలు బాగుచేస్తారు, చెట్లు నాటుతారు. దాన్ని ‘ఉముగాండా’ అంటారు. కొత్తగా వచ్చిన నాన్న కూడా పార పట్టుకుని వెళ్లాడు. పని ముగిసేసరికి వీథివారికి ఆయన కొత్తవాడు కాడు.

మరి కుర్రవాడి సంగతి? వాడి వీథి బడిలో ఉంది. అక్కడ వాణ్ణి కలుపుకోవలసినవారు తోటి పిల్లలే.

ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను. నేను ఏడో తరగతికి పాఠం చెప్పే రోజుల్లో, తండ్రికి బదిలీ అయి ఒక పిల్లవాడు మా బడికి వచ్చాడు. మేము సొరకాయ అనేదాన్ని వాడు ఆనపకాయ అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ తరువాత చాలా రోజులు వాడు నోరు విప్పలేదు. పిల్లలు తెలియక నవ్వారు. నాకు తెలిసి ఉండవలసింది. తప్పు నాదే.

మీ తరగతిలో ఎక్కడినుంచో వచ్చిన పిల్లలుంటే, రేపు ఒక పని చెయ్యండి. వాళ్ల ఊళ్లో వాడే ఒక మాట అడిగి నేర్చుకోండి. మీ మాట ఒకటి నేర్పండి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి అందించినంత మేలు అది.

మీ మాస్టారు